భూమేష్ ఎల్లిండు

ఏబెల్‌వి పాము చెవులని స్టేషన్‌లో పేరు. గాలి సిలిండర్లు నలభై గోడవారగా నిలబెట్టి ఉంటే, చేతులు వెనక్కి కట్టుకుని వాటి ముందు నడుచుకుంటూ పోయి, ఒకదాని దగ్గర ఆగి, "ఇదిగో, దీనికి వాషరు పోయింది" అనేవాడు. సబ్బునీళ్ళు పూసి చూస్తే బుడగ సరిగ్గా అక్కడే లేచేది. మాస్కు తొడుక్కున్న మనిషి ఊపిరి చప్పుడును బట్టి వీడు భయపడుతున్నాడా, అలిసిపోయాడా, ఊరికే ఆత్రపడుతున్నాడా అన్నది కూడా పట్టేసేవాడు. భయపడ్డవాణ్ణి కేకలేయడు. పక్కకు పిలిచి, "మీ ఊళ్ళో ఈసారి ఏం పంట వేశారు?" అని అడుగుతాడు. అవతలివాడు పసుపు సంగతో, మొక్కజొన్న సంగతో చెబుతూ చెబుతూ ఊపిరిని దారిలో పెట్టుకుంటాడు.

ఆ ఫైర్ స్టేషను దోహా నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక ప్లాంటుది. రెండు ఫైరింజన్లు, మూడు షిఫ్టులు, వెనకాల పొగలో తర్ఫీదుకని ఇనుప కంటెయినర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన పొగ ఇల్లు. ఆ స్టేషన్‌కు ఏబెల్ క్యాప్టెన్. స్టేషను నడపడమూ, మనుషులకు తర్ఫీదు ఇవ్వడమూ రెండూ అతని మెడకే. ఉదయం డ్యూటీ మారేటప్పుడు పాత షిఫ్టువాళ్ళను "అంతా బాగుందా?" అని ఎప్పుడూ అడగడు. "ఇవాళ ఏం బాగోలేదు?" అని అడుగుతాడు. ఏమీ లేదని ఎవరైనా అంటే, "అయితే నువ్వు చూళ్ళేదన్నమాట. వెళ్ళి చూసి రా నాయనా" అని నవ్వి పంపిస్తాడు.

నరసాపురంలో వాళ్ళ నాన్న ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. ఏబెల్ ఖతర్‌కు వచ్చి పదహారేళ్ళు. వచ్చిన కొత్తలో అతని పని, వెల్డింగ్ చేసేవాళ్ళ పక్కన మంటలార్పే సిలిండరు పట్టుకుని రోజంతా నిలబడటం. రవ్వ పడితే ఆర్పాలి, పడకపోతే నిలబడాలి. ఆ నిలబడటంలోనే జేబులో పెట్టుకున్న ఇంగ్లీషు పుస్తకాలు ఒక్కొక్క పేజీ చొప్పున నమిలాడు. పరీక్షలు ఒకటొకటిగా గట్టెక్కి ఫైర్‌మన్ అయ్యాడు, లీడింగ్ ఫైర్‌మన్ అయ్యాడు, ఆరేళ్ళ కిందట క్యాప్టెన్ అయ్యాడు. ఆ పూట భార్య పెర్సిస్ భుజం మీది చారలు చేత్తో తడిమి చూసి, "కుట్టు సరిగా పడలేదండీ" అని విప్పి మళ్ళీ కుట్టింది.

మూడు షిఫ్టుల్లో బీ షిఫ్టు అంటే అతనికి కాస్త ఎక్కువ ప్రేమ. అందులో సగం మంది తెలుగువాళ్ళు. హన్మాండ్లుది కోరుట్ల దగ్గర పల్లె. సైట్లలో ఇనుప గొట్టాలతో మంచెలు కట్టే పనికి వచ్చాడు. ఎత్తు అంటే బెరుకు లేని మనిషని చూసి ఏబెలే పట్టుబట్టి స్టేషన్‌కు తీసుకున్నాడు. కొడుకు ఖతర్‌కు వచ్చి తొమ్మిదేళ్ళయినా వాళ్ళమ్మ సాయవ్వ లెక్కలో మాత్రం ఇంకా దుబాయ్‌లోనే ఉన్నాడు. భూమేష్ హన్మాండ్లు పక్క ఊరివాడు. ఎంత వేడి డ్రిల్లులోనైనా బయటికి రాగానే నెత్తి మీద నీళ్ళు కుమ్మరించుకోనిదే మాట్లాడడు.

గోదావరి తెలుగుకూ ఈ తెలుగుకూ మధ్య చాలా నీళ్ళున్నాయని ఏబెల్‌కు మొదటి నెలలోనే తెలిసొచ్చింది. "సార్, దూప అయితుంది" అని హన్మాండ్లు అంటే, ధూపమేంటి, పొగ ఎక్కడ వస్తోందని అటూ ఇటూ చూశాడు. దాహమని తెలిశాక నవ్వుకుని ఒక నోట్‌బుక్కు కొన్నాడు. నిలువునా గీత గీసి, ఎడమపక్క వాళ్ళ మాట, కుడిపక్క తన మాట. దూప, దాహం. గుంజు, లాగు. ఒడిసింది, అయిపోయింది. సోయి తప్పిండు, స్పృహ తప్పాడు. రేడియోలో ఇంగ్లీషే మాట్లాడాలని గోడ మీద కాగితం ఉంది. దాన్ని అంటించిందీ ఏబెలే. కానీ పొగలో ఉన్నవాడి నోటికి ముందు అమ్మ మాటే వస్తుందని అతనికి తెలుసు. అలా వచ్చినప్పుడు దాన్ని తప్పు పట్టేకంటే అర్థం చేసుకోవడమే క్యాప్టెన్ పని అనుకునేవాడు.

తెలియని మాట వినిపిస్తే చాలు, పెన్ను తీసేవాడు. తెలిసినట్టు వినిపించే మాట దగ్గర పెన్ను ఎవరు తీస్తారు?

ఆస్టిన్ సంగతి వేరే. ఆస్టిన్‌ది మొగల్తూరు. పెర్సిస్ పుట్టింటివాళ్ళకు తెలిసిన కుటుంబం. ఏబెల్ మాట మీదే వచ్చాడు. రెండేళ్ళు కంపెనీ క్యాంపులో హన్మాండ్లు, భూమేష్‌లతో ఒకే గదిలో ఉన్నాడు. పెళ్ళయి షెరిన్‌ను తెచ్చుకున్నాక, దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో తామున్న విల్లాలోనే పై అంతస్తులో పక్క వాటా ఖాళీ అయితే ఏబెలే మాట్లాడి ఇప్పించాడు. రెండు కుటుంబాలకూ వంటగది ఒకటే. పెర్సిస్ పులుసు పెడితే షెరిన్ రుచి చూసి ఉప్పు వేసేది. స్టేషన్‌లో సార్, ఇంట్లో అన్నయ్యా. ఆస్టిన్ ఇంగ్లీషు రాస్తే ముత్యాలు పేర్చినట్టు ఉండేది. బీ షిఫ్టుకు అతన్ని రెండో మనిషిని చేసింది కూడా ఏబెలే. ఒకటే వంక, పదిమందిలో తనను సరిదిద్దితే ఆస్టిన్ మొహం మాడ్చుకునేవాడు. కుర్రతనమని ఏబెల్ పట్టించుకోలేదు.

సెప్టెంబరు చివరి మంగళవారం, ఉదయం ఆరుంబావు. అప్పటికే ఇనుము చెయ్యి పెట్టనివ్వడం లేదు. భూమేష్‌తో కలిపి నలుగురు పొగ ఇంట్లోకి వెళ్ళి, పై అంతస్తు నుంచి మనిషంత బరువున్న బొమ్మను మోసుకుని రావాలి. అదీ ఆ రోజు డ్రిల్లు. ముందు గుమ్మం దగ్గర బోర్డు పట్టుకుని హన్మాండ్లు నిలబడ్డాడు. లోపలికి వెళ్ళే ప్రతివాడూ మెడలోని పేరుబిళ్ళ తీసి ఆ బోర్డుకు తగిలించి వెళ్ళాలి, బయటికి వచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. క్యాప్టెన్ అయినా సరే, బిళ్ళ ఇవ్వకుండా అడుగు పెట్టకూడదు. ఆ రూలు ఏబెల్ చెప్పి చెప్పి ఆ షిఫ్టులో నిద్రలో కూడా పలికేంతగా నాటుకుంది.

ఏబెల్, ఆస్టిన్ వెనకవైపు ప్యానెల్ దగ్గర ఉన్నారు. పొగ వదిలేదీ, ఫ్యాను తిప్పేదీ అక్కడి నుంచే. అక్కడి నుంచి ముందు గుమ్మం కనబడదు. పక్కనే చిన్న వెనక తలుపు ఉంది.

ఉన్నట్టుండి ఫ్యాను ఆగింది. ఏబెల్ చెవికి ముందు తెలిసింది, తర్వాతే ప్యానెల్ మీద లైటు ఎర్రబడింది. పొగ బయటికి పోవడం లేదు.

"స్టాప్ డ్రిల్! ఆల్ అవుట్!" అన్నాడు రేడియోలో. వెంటనే తెలుగులో, "అందరూ బయటికొచ్చేయండి. మళ్ళీ ఎవరూ లోపలికి వెళ్ళొద్దు. ఎవ్వరూ!"

అర నిమిషం గడిచింది.

"హన్మాండ్లూ, లెక్క చెప్పు."

"ముగ్గురు ఈడనే ఉన్నరు సార్."

"భూమేష్?"

"భూమేష్ ఎల్లిండు సార్. ఇప్పుడే ఎల్లిండు."

పోయిండు అంటే పోయాడు, వచ్చిండు అంటే వచ్చాడు. ఆ లెక్కన ఎల్లిండు అంటే వెళ్ళాడు. ఏబెల్ చెవి ఆ మాటను అలాగే మార్చుకుంది. వెళ్ళొద్దని ఇంత గట్టిగా చెప్పినా భూమేష్ ఇప్పుడే లోపలికి వెళ్ళాడు! బొమ్మను వదిలేసి వచ్చామని మళ్ళీ వెళ్ళి ఉంటాడు, పట్టుదల మనిషి కదా.

"భూమేష్! భూమేష్, పలుకు!" మూడుసార్లు పిలిచాడు. రేడియో గరగరలాడింది తప్ప ఎవరి మాటా తేలలేదు.

స్టాండుకు వేలాడుతున్న గాలి సిలిండరు భుజాన వేసుకుని, మాస్కు బిగించాడు. "ఆస్టిన్, ప్యానెల్ చూసుకో" అన్నాడు. రెండడుగుల దూరంలో ఉన్న ఆస్టిన్ "సరే సార్" అన్నాడు. వెనక తలుపు దగ్గర బోర్డు లేదు, బిళ్ళ తీసుకునే మనిషీ లేడు. ముందు వైపుకు తిరిగి వెళ్ళడానికి నిమిషం పడుతుంది. ఏబెల్ తలుపు లాగి లోపలికి వెళ్ళాడు.

కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. గోడకు చెయ్యి ఆనించి, పేరు పెట్టి అరుస్తూ ఇనుప మెట్లెక్కాడు. పై మెట్టు దాటగానే కాలికి ఒళ్ళు తగిలింది. అందరినీ బయటికి రమ్మన్నప్పుడు వాళ్ళు వదిలేసిన బొమ్మ అది. ఆ క్షణంలో మాత్రం అతనికి అది భూమేషే. "అయ్యయ్యో" అంటూ వంగి రెండు చేతులా పట్టుకోబోయాడు, పట్టు తప్పింది. బొమ్మను కావలించుకునే ఏడు మెట్లు కిందికి దొర్లాడు. ఎడమ భుజం మెట్టు అంచుకు తగిలి ఎముక చిట్లిన చప్పుడు కూడా ఆ చెవులే విన్నాయి.

ఆ మోతకు ముందు వైపు నుంచి ఇద్దరు పరిగెత్తుకొచ్చి లాక్కుపోయారు. మాస్కు ఊడదీశాక అతనికి ముందు కనబడిన మొహం భూమేష్‌ది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వు లోపల లేవా?"

"నేనెప్పుడో ఎల్లిన గద సార్! బండెనక నీళ్ళు పోసుకుంటున్న. రేడియో గీడ సామాన్లల్ల పెట్టిన!"

అంబులెన్సులో నొప్పి పంటి కింద పట్టుకుని కూడా ఏబెల్ నవ్వాడు. వీళ్ళ భాషలో ఎల్లడమంటే లోపలి నుంచి బయటికి రావడమన్నమాట! ఇన్ని మాటలు రాసుకున్నవాణ్ణి, ఈ ఒక్కటీ ఎలా వదిలేశాను? కోపం రాలేదు. తన చెవి తనను మోసం చేసిందని సిగ్గనిపించింది, అంతే.

నవ్వుకున్నంత తేలిగ్గా తేలే సంగతి కాదది. క్యాప్టెన్ స్థాయి మనిషి బిళ్ళ ఇవ్వకుండా పొగలోకి వెళ్ళడమంటే చారలు ఊడిపోయే నేరం. ఏబెల్‌ను కాపాడగలిగింది ఒకటే, మనిషి లోపల ఉన్నాడని నమ్మడానికి అతనికి కారణం ఉందని విచారణలో తేలడం. సేఫ్టీ మేనేజరు షోయబ్‌ది లాహోరు. కటువుగా మాట్లాడడు గానీ కాగితం లేనిదే కదలడు. రేడియోలో మాటలన్నీ రికార్డవుతాయి. ఆ రికార్డును ఇంగ్లీషులోకి మార్చే పని ఆస్టిన్‌కు అప్పగించాడు. తాత్కాలికంగా క్యాప్టెన్ బాధ్యతలూ అతనికే.

"మనవాడే కదా" అంది పెర్సిస్, గుండెల మీద చెయ్యేసుకుని. ఏబెల్ కూడా అలాగే అనుకున్నాడు.

మూడు వారాలు భుజానికి కట్టుతో ఇంట్లోనే. ఆస్టిన్ రోజూ డ్యూటీ దిగి చిక్కటి కరక్ చాయ్ పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. "మీరేం బెంగ పెట్టుకోకండి అన్నయ్యా, నేను చూసుకుంటాగా" అనేవాడు. ఒక రోజు, "తర్ఫీదు రికార్డులన్నీ అడుగుతున్నారు. మీ నోట్‌బుక్కు కూడా ఇవ్వండి, ఎంత శ్రద్ధగా నేర్పేవారో తెలుస్తుంది. మీకే మంచిది" అన్నాడు. దిండు కింద నుంచి తీసి ఇచ్చాడు ఏబెల్. "జాగ్రత్త, అట్ట ఊడిపోతోంది" అని మాత్రం చెప్పాడు.

అక్టోబరులో ఒక ఆదివారం షోయబ్ పిలిపించాడు. "ఆరామ్‌సే పఢియే, ఏబెల్ భాయ్. తీరిగ్గా చదవండి. మంగళవారానికి జవాబు రాసివ్వండి" అని ఫైలు చేతిలో పెట్టి, తన గదిలోనే ఒక మూల కుర్చీ చూపించాడు.

ముందు నోట్‌బుక్కు పేజీల ఫొటోలు వచ్చాయి. దూప, దాహం. గుంజు, లాగు. కింద ఆస్టిన్ సంతకంతో ఒక వాక్యం ఉంది. క్యాప్టెన్‌కు ఈ మాండలికం బాగా తెలుసుననడానికి ఇదే సాక్ష్యమని. ఏబెల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అడిగినవి ఇచ్చి ఉంటాడులే, వాళ్ళే అలా రాయమని ఉంటారులే అని సర్ది చెప్పుకున్నాడు. మనసు ఊరికే సర్దుకోదు. అయినా సర్దాడు.

తర్వాత రికార్డు అనువాదం. భూమేష్ బయటికి వచ్చేశాడు సార్, ఇప్పుడే బయటికి వచ్చాడు. తప్పేమీ లేదు. మాటకు అదే అర్థం. ఇంగ్లీషు ఎంత బాగా రాశాడో అని ఒక్క క్షణం ముచ్చటేసింది కూడా.

చివర ఆస్టిన్ వాంగ్మూలం. అందులో నాలుగో పేరాలో ఇలా ఉంది: "రేడియో సందేశం వినగానే, ఫైర్‌మన్ భూమేష్ బయటికి వచ్చేశాడని నాకు వెంటనే అర్థమైంది. ఆ మాటలో సందేహానికి తావు లేదు."

ఏబెల్ దాన్ని చదివి పేజీ తిప్పాడు. తిప్పినవాడు ఆగి, వెనక్కి తిప్పాడు. నాకు వెంటనే అర్థమైంది. తాను ఎంత సమర్థుడో, క్యాప్టెన్ కుర్చీకి ఎంత తగినవాడో చూపించుకోవడానికి రాసుకున్న మాట అది. రాసేటప్పుడు దానికి ఇంకో అంచు ఉందని తోచి ఉండదు. వెంటనే అంటే ఎప్పుడు? ఏబెల్ మూడుసార్లు భూమేష్ పేరు పిలిచినప్పుడా? సిలిండరు భుజాన వేసుకున్నప్పుడా? మాస్కు పట్టీలు ఒకటి, రెండు, మూడు, నాలుగు బిగించుకున్నప్పుడా? అంత సేపూ వెంటనే అర్థమైన మనిషి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. "సరే సార్" అన్నాడు.

ఎముక చిట్లినప్పుడు పట్టని చెమట ఇప్పుడు ఏసీ గదిలో పట్టింది.

బయట బస్సు ఆగేచోట హన్మాండ్లు ఎదురుచూస్తున్నాడు. నేలకేసి చూస్తూ దగ్గరికొచ్చాడు.

"సార్, నా మాటనే మిమ్ముల ముంచింది. ఇంగిలీష్ల చెప్తె అయిపోవు. నా నోరు పాడుగాను."

"నువ్వు ఉన్నదే చెప్పావు హన్మాండ్లూ. నీ మాట తప్పు కాదు, నా చెవి తప్పు."

"అయినా సార్..." హన్మాండ్లు తల గోక్కున్నాడు. "మీకు తెల్వకుంటే తెల్వకపాయె. పక్కన ఆస్టిన్ సార్ ఉన్నడు గద! ఆయనకు ఎర్కనే గద!"

"ఆయనకెలా తెలుసు?"

హన్మాండ్లు అంత బాధలోనూ నవ్వాడు. "అగో, మా రూముల రెండేండ్లు ఉండె! కొత్తల ఒకనాడు పొద్దుగాల బాత్రూం కాడ తానానికి నిలవడ్డడు. 'భూమేష్ ఎల్లిండు' అన్న నేను. భూమేష్ లోపటికి పోయిండనుకొని గంట సేపు బకీటు పట్టుకొని ఆడనే నిలవడ్డడు సార్! బస్సు గూడ పాయె. గప్పటి సంది గా మాటకు మేం మస్తు నవ్వెటోళ్ళం. 'ఎల్లిండా, పోయిండా' అని ఆయననే సతాయించెటోళ్ళం."

ఏబెల్ నవ్వబోయాడు, రాలేదు. అంటే ఆస్టిన్‌కు మాట అర్థమొక్కటే కాదు, ఆ మాట గోదావరి చెవికి ఎలా తిరగబడి వినిపిస్తుందో కూడా తెలుసు. తాను పడిన గోతిలోనే ఏబెల్ కాలు పెడుతుంటే ఒడ్డున నిలబడి చూశాడు.

"ఏమైంది సార్?" అన్నాడు హన్మాండ్లు కంగారుగా. "నేను ఏమన్న తప్పు మాట్లాడిన్నా?"

"లేదయ్యా. మీ ఊళ్ళో పసుపు వేశారా ఈసారి?" అన్నాడు ఏబెల్. ఏబెల్ ఊపిరే దారిలో లేదని హన్మాండ్లుకు తెలిసిపోయిందేమో, ఆ పసుపు సంగతి బస్సు దిగేదాకా చెబుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం వంటగదిలో షెరిన్ చేపలు వేయిస్తోంది. "బావగారూ, రెండు ముక్కలు వేడివేడిగా ఇవ్వమంటారా?" అని అడిగింది. ఆమెకు ఏమీ తెలియదు. ఏబెల్ వద్దనలేక తీసుకున్నాడు. ఒక ముక్క చాలాసేపు నమిలాడు. పెర్సిస్ పక్కన కూర్చుని, "ముల్లు గుచ్చుకుందా?" అంది. గుచ్చుకుందన్నాడు.

మంగళవారం షోయబ్ ముందు కాగితం పెట్టాడు. రెండే వాక్యాలు. "బిళ్ళ ఇవ్వకుండా లోపలికి వెళ్ళింది నిజం, అది నా తప్పు. ఆ మాట వెంటనే అర్థమైన ఆస్టిన్, ఆ సమయంలో నాకు రెండడుగుల దూరంలో ఉన్నాడు."

షోయబ్ చదివి, ఆస్టిన్ వాంగ్మూలం తీసి నాలుగో పేరా మళ్ళీ చదివాడు. కళ్ళజోడు బల్ల మీద పెట్టాడు.

"ఏబెల్ భాయ్, మీరు బిళ్ళ ఇవ్వలేదన్నదానికి ఫారంలో గడి ఉంది. చుప్ రహ్నే కా కోయీ ఖానా నహీ హై. నోరు మూసుకున్నదానికి గడి లేదు. నేనేం రాయను?"

"మీరు చదివారుగా సార్. అది చాలు."

చాలదని ఇద్దరికీ తెలుసు.

గురువారం ఉత్తర్వు వచ్చింది. ఏబెల్‌కు క్యాప్టెన్ పదవి పోయింది. ఇక మీదట ఆఫీసు భవనాల్లో గోడలకు తగిలించిన మంటలార్పే సిలిండర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చీటీ కట్టే పని. బీ షిఫ్టు మొహం చూసే వీలుండదు. తాత్కాలిక క్యాప్టెన్‌గా ఆస్టిన్ కొనసాగుతాడు. పెర్సిస్ ఉత్తర్వు మడతపెట్టి బైబిల్లో పెట్టబోయి, ఆగి, కరెంటు బిల్లుల సంచిలో పెట్టింది.

శుక్రవారం చర్చి నుంచి వచ్చాక, విల్లా ఆవరణలో కారు నీడన ఆస్టిన్ ఎదురొచ్చాడు. చర్చిలో వెనక వరసలో కూర్చున్నాడు, ప్రార్థన అయిపోకముందే బయటికి వచ్చేశాడు.

"నా గురించి అలా రాస్తారా అన్నయ్యా?" అన్నాడు. "షోయబ్ సార్ పిలిచి ఏమడిగాడో తెలుసా? నన్ను దొంగను చూసినట్టు చూశాడు. ఇంత చేసి మీరు నన్ను ఇరికిద్దామనా?"

ఏబెల్‌కు నవ్వొచ్చినంత పనైంది. ద్రోహం చేసినవాడే ద్రోహం జరిగిందని ఏడవటం అతనికి కొత్త.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు ఆస్టిన్. ఆ రోజు విన్నావా?"

"విన్నాను... కానీ క్యాప్టెన్ మీరు. మీరు వెళ్తున్నారంటే మీకేదో తెలిసే వెళ్తున్నారనుకున్నా. మిమ్మల్ని ఆపడానికి నేనెవర్ని?"

"గొట్టం మడతపడితే ఆమడ దూరం నుంచి అరుస్తావు. నా బూటు లేసు ఊడితే చెబుతావు. ఆ రోజు ఆగమని ఒక్క మాట అనడానికి నువ్వెవరివని ఆలోచించావా?"

ఆస్టిన్ కారు అద్దం మీది దుమ్ములో వేలితో గీతలు గీస్తున్నాడు. పక్క విల్లాలో ఎవరో నీళ్ళ మోటారు వేశారు.

"ఒక్క నిమిషమే అనుకున్నా అన్నయ్యా" అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. "మీరు తప్పు వినలేరని అందరికీ నమ్మకం. నన్ను వాళ్ళందరి ముందూ దిద్దుతారు కదా... మీరూ తప్పు వింటారని వాళ్ళు ఒక్కసారి చూడాలనిపించింది. లోపలికి వెళ్ళి, ఎవరూ లేరని తెలిసి, వెర్రిమొహం వేసుకుని బయటికొస్తారు, అందరం నవ్వుకుంటాం అనుకున్నా. దెబ్బ తగులుతుందని ఒట్టు, నేననుకోలేదు."

"తర్వాత? నోట్‌బుక్కు తీసుకెళ్ళిన రోజు?"

ఆస్టిన్ దుమ్ములో గీసిన గీతల్ని అరచేత్తో తుడిచేశాడు.

నిజం తెలిస్తే గుండె బరువు దిగుతుందని ఏబెల్ వారమంతా అనుకున్నాడు. దిగలేదు. చంపాలనుకున్నాడంటే కోపం తెచ్చుకోవచ్చు. పదిమందిలో నవ్వులపాలు చెయ్యాలనుకున్నాడు. ఆరేళ్ళుగా పొద్దున్నే తన చేతి చాయ్ తాగిన మనిషి మనసులో అంత చిన్న గది ఒకటి ఉందనీ, అందులో తాను ఎప్పుడూ అలా వెర్రిమొహం వేసుకుని నిలబడి ఉన్నాననీ తెలియడం భుజం విరగడం కంటే లోతుగా దిగింది.

"షెరిన్‌కు చెప్పావా?"

"లేదు."

"నేను చెప్పను. నువ్వు చెప్పుకో" అని మెట్లెక్కాడు.

ఇంట్లో పెర్సిస్‌తో, "ఉమ్ ఘువైలినా పేటలో ఏదైనా ఫ్లాటు ఉందేమో కనుక్కో" అన్నాడు. ఆమె ఎందుకని అడగలేదు. కింద మాటలు ఆమెకు కిటికీలోంచి వినబడ్డాయి. కాసేపటికి, "వంటగది అలమరాలో మన గిన్నెలేవో, వాళ్ళవేవో కూడా నాకు గుర్తులేవండీ" అని కళ్ళు తుడుచుకుంది.

నెలాఖరు శుక్రవారం సామాను తరలించడానికి హన్మాండ్లు, భూమేష్ పికప్పు మాట్లాడుకుని వచ్చారు. షెరిన్ గిన్నెలు ఒక్కొక్కటే తుడిచి అట్టపెట్టెలో సర్దుతోంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. భర్త చెప్పాడో, తనే కనిపెట్టిందో ఎవరూ అడగలేదు. మంచాలు దిగాయి, ఫ్రిజ్ దిగింది. చివరికి ఇనుప బీరువా మిగిలింది. భూమేష్ కింద పికప్పులో సామానుకు తాళ్ళు బిగిస్తున్నాడు. హన్మాండ్లు బీరువా ఒక వైపు ఎత్తి, మెట్ల మొదటికి జరిపి, ఊపిరి పీల్చుకున్నాడు.

"సార్, ఇంకో చెయ్యి కావాలె. మీరు ముట్టకుర్రి, డాక్టరు వద్దన్నడు గద."

అప్పటిదాకా తన గుమ్మంలోనే నిలబడి ఉన్న ఆస్టిన్ చొక్కా చేతులు మడుచుకుంటూ ముందుకొచ్చాడు. వంగి బీరువా అడుగున చేతులు పెట్టాడు. "నేను పడతానన్నయ్యా. హన్మాండ్లూ, నువ్వు కిందికి దిగు. బరువు నేను ఆపుతా."

హన్మాండ్లు సంబరంగా రెండో మెట్టు మీదికి దిగి, పైకి చూశాడు. బీరువా కదిలితే బరువంతా అతని మీదికే వస్తుంది. పైన పట్టుకున్నవాడు వదలకూడదు.

"ఆగు" అన్నాడు ఏబెల్.

ఇద్దరూ ఆగారు.

"నువ్వు వదిలెయ్ ఆస్టిన్."

"పర్లేదన్నయ్యా, నాకు బరువేం..."

"వదిలెయ్. కింద మనిషున్నాడు."

ఆస్టిన్ మొహం పాలిపోయింది. చేతులు మెల్లగా బయటికి తీసి, నిటారుగా నిలబడి, ఏం చెయ్యాలో తెలియక ప్యాంటుకు తుడుచుకున్నాడు. హన్మాండ్లు ఏమీ అర్థం కాక ఒకసారి అతన్నీ, ఒకసారి ఏబెల్‌నూ చూశాడు.

ఏబెల్ మెట్ల మీద నుంచి కిందికి వంగి, "భూమేషూ, పైకి రావయ్యా, నీతో పనుంది" అని కేకేశాడు. తాడు ముడి వేసి వస్తానని భూమేష్ కింద నుంచి బదులిచ్చాడు. అతను వచ్చేదాకా ముగ్గురూ బీరువా పక్కన అలాగే నిలబడి ఉన్నారు.